ఎంచని మంద

మా రాయచెర్లు ఎండ ఇప్పుడు మాది కాదు. కంపెనీవాళ్లు దాన్ని సోలార్ ప్లేట్లతో పట్టి బెంగుళూరుకు పంపించేస్తున్నారు. మాకు ఉక్క మాత్రం వదిలారు. ప్లేట్ల మీది మరకలు పోవడానికి తెల్ల క్యాన్లలో ఏదో మందు తెచ్చి కడుగుతారు. ఆ నీళ్లు కాలువ దిగి మా కుంటలో కలుస్తాయి. కుంటలోని కప్పలు ఉద్యోగాలకు రాజీనామా చేసి వెళ్లిపోయాయి. గొర్రెలకు ఆ తెలివి లేదు. మా పెద్దమ్మ నరసక్క మందలో చాలా గొర్రెలు ఆ నీళ్లు తాగి, నోట నురగలతో కుంటలోనే పడిపోయాయి. వాటిని బయటికి ఈడ్చడానికి నీళ్లలో దిగిన పెద్దమ్మ కాళ్లు బొబ్బలెక్కి పుండ్లు పడ్డాయి.

పశువుల డాక్టరు కంటే ముందు కంపెనీ జేసీబీ వచ్చింది. వాసనొస్తుంది, మీకెందుకు శ్రమ అని, చచ్చినవాటిని ఎంతో మర్యాదగా పూడ్చిపెట్టారు. పైన ఒక వేపమొక్క నాటి ఫొటో కూడా తీసుకున్నారు.

పెద్దమ్మ పావగడ కోర్టులో పరిహారానికి కేసు వేసింది. ఆమె కాళ్లకు ఆస్పత్రి చీటీ ఉంది. గొర్రెలకు ఏమీ లేదు. ఎన్ని చచ్చాయో తేలకపోతే వాటికి పైసా రాదని మా వకీలు ముందే చెప్పాడు. చెప్పి, తీరా కోర్టు కమిషనర్ కుంట చూడ్డానికి వచ్చిన రోజు కడుపునొప్పని ఇంట్లో పడుకున్నాడు.

కమిషనర్ గీత మేడమ్‌కు గట్టు మీద కుర్చీ వేశాం. కంపెనీ వకీలు భరత్‌కుమార్‌కు వేయలేదు. ఆయన కారులోంచి మడత కుర్చీ తెచ్చుకుని, మా ఊరి దుమ్మును రుమాలుతో దులిపి మా మీదికే వదిలాడు.

"నరసక్కా, మీకు గొర్రెలు ఎన్ని ఉండె?" అని మేడమ్ అడిగింది.

"ఉండెమ్మా."

"ఎన్ని?"

"దేవుడిచ్చినన్ని."

"చచ్చినవి?"

"దేవుడు తీసుకున్నన్ని."

నేను తల పట్టుకున్నాను. గొర్రెలు కాసేవాళ్లు మందను ఎంచరు, లెక్కపెట్టరు. ఎంచితే దిష్టి తగిలి మంద మొత్తం పోతుందని భయం. పెద్దమ్మకు ప్రతి గొర్రె ముఖమూ తెలుసు. సాయంత్రం ఒకటి తగ్గితే అన్నం ముట్టదు. కానీ అంకె మాత్రం ఆమె నోట రాదు. తలకాయ తీస్తామన్నా రాదు.

"రాసుకోండి మేడమ్," అన్నాడు భరత్‌కుమార్. "ఎన్నున్నాయో తెలీదు, ఎన్ని చచ్చాయో తెలీదు. అసలు ఈ వైపు గొర్రెలే రాలేదు. మా కంచె దాటి చీమ కూడా రాదు."

"చీమలన్నీ సచ్చిపాయ గదప్పా, ఇంగ యాడనుంచి వస్తాయి?" అంది పెద్దమ్మ.

వకీలు వెనకాల కర్ర పట్టుకుని కంపెనీ గార్డు ఓబులేశ్ నిలబడి ఉన్నాడు. మా ఊరివాడే. నేనంటే వాడికి పడదు. ప్లేట్ల కింద తిరిగే కోళ్లు ఉడికిన గుడ్లే పెడతాయని ఒకసారి చెప్తే, డజను కొనుక్కుపోయి, మర్నాడు మా ఇంటికొచ్చి "ఉడకలేదురా, ఉత్త వెచ్చగా ఉండె" అని సరిదిద్ది వెళ్లాడు. తప్పు చెవిన పడితే సరిదిద్దకుండా నిద్రపోని జాతి వాడిది.

నేను ముందుకొచ్చాను. "నేను చెప్తా మేడమ్. నాలుగు వేలు."

భరత్‌కుమార్ ముఖం విప్పారింది. "తప్పకుండా రాసుకోండి."

"ముందర గొర్రె కుంటలో నీళ్లు తాగుతాంటే, ఎనకది ఇంకా వెంకటమ్మనహళ్లిలోనే ఉండేది మేడమ్. పొట్టేళ్లు ఒక్కొక్కటీ ఎద్దంత."

"నందీశా, నోరు ముయ్‌రా," అంది పెద్దమ్మ.

ఓబులేశ్ మెడనరం లేచింది. ఇంకొంచెం చాలు.

"ఓబులేశన్నకూ తెలుసు మేడమ్. పాపం, గేటు కాడ వాటిని చూసి చూసి నిద్రపోతాండె."

"ఎవుడ్రా నిద్రపోయింది?" ఓబులేశ్ అరిచాడు. "నాలుగు వేలంట, నీ తలకాయ! ఎనభై ఆరు! కుంటకు దిగేటప్పుడు దినామూ నేనే ఎంచి సూపర్‌వైజర్‌కు చెప్తాంటి. సచ్చినాక ముప్పై ఒకటి మిగిలె!"

"ఓబులేశ్!" అన్నాడు వకీలు. మేడమ్ పెన్ను అప్పటికే పరిగెడుతోంది.

నేను గెలిచాననుకున్నాను. అంతలో పెద్దమ్మ కర్ర పట్టుకుని లేచింది.

"ఎంచినావారా? నా మందను దినామూ ఎంచినావా? నీ నాలిక పడిపోను! నువ్వు ఎంచబట్టే గదరా నా గొర్రెలు సచ్చిపాయ!"

భరత్‌కుమార్ కుర్చీలోంచి ఎగిరాడు. "విన్నారా మేడమ్! నీళ్ల వల్ల కాదట, ఎంచడం వల్లేనట! ఆమే ఒప్పుకుంది. రాయండి!"

నాకు పుట్టినప్పటినుంచి మొదటిసారి ఒక్క అబద్ధం కూడా తట్టలేదు.

మేడమ్ తాపీగా కాగితం తిప్పింది. "రాస్తాను. ఎంచిందెవరు?"

"ఈ గార్డు."

"ఎవరి గార్డు? ఎక్కడ ఎంచాడు?"

వకీలు మళ్లీ కుర్చీ దుమ్ము దులపసాగాడు.

"చీమ కూడా రాదన్న చోట, కుంటకు దిగే గొర్రెల్ని మీ మనిషే దినామూ ఎంచాడు, అందుకే చచ్చాయి. ఇదే కంపెనీ వాదనంటే రాసేస్తా, సంతకం పెట్టండి."

"వద్దు. ఆమె చివర అన్నది వద్దు."

"సరే. గార్డు అన్నది మాత్రం ఉంటుంది." మేడమ్ పెద్దమ్మ వైపు తిరిగింది. "మీరు చెప్పండి నరసక్కా. నీళ్లా, ఎంచడమా?"

"సంపింది నీళ్లేమ్మా," అంది పెద్దమ్మ. "ఈడు ఆ నీళ్లకు దావ సూపించినాడు."

మేడమ్ మొదటి ముక్క రాసుకుంది.

కార్లు పోయాక ఓబులేశ్ ఫోను మోగింది. విని, టోపీ తీసి కుంటలోకి విసిరి, నా చొక్కా పట్టుకున్నాడు. "నా పని పాయ గదరా, నీ పాడుగాను!"

పెద్దమ్మ ఇద్దర్నీ కర్రతో విడదీసింది. మిగిలిన గొర్రెల డెక్కల కింది మన్ను తీసి, మంద చుట్టూ తిప్పి, మా ముందు పట్టింది. "తూ అనండి." అన్నాం. ఓబులేశ్ సగం నా కాలి మీదే ఊశాడు.

ఆమె కర్రను వాడి చేతిలో పెట్టింది. "రేపట్నుంచి మందను క్యాతగానచెర్లు తట్టు తోలుకొనిపో. ఈ నీళ్ల కాడికి రానీకు. నా కాళ్లు నడవవు. ఎంచినావంటే మాత్రం నీ కాళ్లు ఇరగ్గొడతా."

వాడు కిక్కురుమనకుండా మంద వెనక నడిచాడు. పక్కనుంచి చూస్తే పెదవులు చిన్నగా కదులుతున్నాయి. నేను పెద్దమ్మకు చెప్పలేదు.