ఊర్మిళ రాయని కాయితం

"ఇద్దరు ఒక్క కొలువుకే పోతరు గని, అలిసేది మా దినేశే" అని మా అత్తమ్మ లక్ష్మీనర్సమ్మ పక్కింటామెతోని అంటున్నది. నేను వంటింట్ల రెండు టిఫిన్ డబ్బాలు కడుతున్న. అప్పటికే పాపకు జడలేసి బడి ఆటో ఎక్కిచ్చి వచ్చిన. దినేశ్ చాయ తాగుకుంట ఫోన్ చూస్తున్నడు. నాకు కోపం గూడ రాలే. పెండ్లయిన ఆరేండ్లసంది వింటున్న మాటే.

మేం రేగొండల ఉంటం. భూపాలపల్లిల ఒక ప్రైవేటు కంపెనీ షెడ్డుల ఇద్దరం టెక్నీషియన్లం. గోదావరి పొంగి సెల్ టవర్లు బందయిన ఊర్లకు ఫోన్లు కలిపేటందుకు మా దగ్గర ఒక వ్యాను ఉంది. దాని మీద యాంటెన్నా డిష్. గుంతల రోడ్డు మీద వ్యాను ఎంత ఊగినా ఆ డిష్ ఆకాశంల ఉపగ్రహం దిక్కే చూడాలె. చిన్న మోటర్లు దాన్ని ఎప్పటికప్పుడు సర్దుతుంటయి.

జూన్ల డిష్ ముందటి భాగం ఒకటి కరాబైతే కొత్తది బిగిచ్చిన్రు. అప్పట్నుంచి మోటర్లు వేడెక్కుడు, గుంతల పడ్డప్పుడల్ల లింకు తెగుడు. దినేశ్ మూడు దినాలు లాప్‌టాప్ ముంగట కూసోని సెట్టింగులు మార్చిండు. నాలుగో దినం నేను పైకెక్కి, కరెంటు బందు చేసి, బ్రేకు విప్పి, డిష్‌ను చేతితోని సగం లేపి వదిలిన. ఆగలే. మూతి కిందికేసి వాలింది. కొత్త భాగం పాతదానికంటె బరువున్నది, వెనుక కట్టిన బరువులేమో పాతవే. ఆ తేడానంత మోటర్లు మోస్తున్నయి. వెనుక బరువులు జరంత జరంత జరుపుకుంట, నిలువుగ ఒకసారి, అడ్డంగ ఒకసారి వదిలి చూసుకుంట, ఎండల పొద్దుగూకేదాక చేసిన. ఇనుము కాలి చేతులు బొబ్బలెక్కినయి. ఆఖరుకు డిష్ ఎక్కడ వదిలితె అక్కడ్నే ఆగింది. తెల్లారి కాళేశ్వరం రోడ్డు మీద నడిపి చూస్తె లింకు ఒక్కసారి గూడ తెగలే. ఎంత సంబురమైందో నాకు. దినేశ్ మంచిగ చేసినవన్నడు, రిపోర్టు తనే రాస్తనన్నడు. నాకు ఇంటికి పోయి కూర తరుగుడున్నది. సరే అన్న.

ఆ వారమే వ్యానుతోని ఊర్లకు పోయే బయటి డ్యూటీకి ఇంచార్జి కావాలన్నరు. నేను దరఖాస్తు పెట్టిన, దినేశ్ గూడ పెట్టిండు. నెల దినాలకు ఆయనకు వచ్చింది. నాలో ఏం తక్కువైందని మా పెద్దసారు సంజీవను అడిగిన.

"నువ్వే వద్దని రాసిస్తివి గదమ్మా" అని ఆయన ఫైలు తెరిచి నా ముంగట పెట్టిండు.

కుటుంబ బాధ్యతల వల్ల బయటి డ్యూటీ చేయలేనట, నా దరఖాస్తు వాపసు తీసుకుంటున్ననట. కింద సంతకం: ఊర్మిల. నేను 'ళ' రాస్త. పెండ్లి కార్డు కాడికెళ్లి గ్యాసు బుక్కు దాక నా పేరుల 'ల' పెట్టేది దినేశ్ ఒక్కడే. తప్పని చెప్తె నవ్వేటోడు. ఆ కాయితం కిందనే డిష్ రిపోర్టు ఉన్నది. బరువులు సరిచేసినవారు: దినేశ్.

తేదీ చూసిన. ఆ దినం నాకు జరం. నుదుటి మీద తడిగుడ్డ ఏసి, నువ్వు పండుకో, షెడ్డుల నేను చూసుకుంట అని పోయిండు. ఎంత మంచోడమ్మా అని కురవిల ఉన్న మా అమ్మకు ఫోన్ల చెప్పుకున్న. నా కొంగుతోని నేనే కండ్లు తుడుచుకొని మరీ చెప్పుకున్న. గుడ్డ ఏసేటప్పుడే ఆ కాయితం ఆయన జేబుల ఉండెనా, షెడ్డుకు పోయినంక రాసిండా, గదే ఆలోచించుకుంట ఇంటికొచ్చే బస్సుల దిగుడు మరిచి రేగొండ దాటిపోయిన.

పొద్దుగూకినంక దినేశ్‌ను అడిగితె కాదనలే. "నీ కోసమే రాసిన. వానల్ల, మొగోళ్ల నడుమ వ్యాన్ల ఎట్ల తిరుగుతవు?" అన్నడు.

అత్తమ్మ తలుపు కాడ నిలబడి, "నాకు చెప్పే రాసిండు" అన్నది.

మా ఇంట్లనే ఉండే ఆడిబిడ్డకు గూడ ఎర్కే. నెల దినాలు వీళ్లంత నా చేతి అన్నం తిన్నరు, ఇంచార్జి ఎవరైతరో అని నేను ఆశతోని మాట్లాడుతుంటె విన్నరు. ఇది బయట పెట్టకు, నా కొలువు పోతదని దినేశ్ అన్నడు.

తెల్లారి టిఫిన్ డబ్బా ఒక్కటే కట్టుకొని మొదటి బస్సుకు పోయిన. పాత కాయితం నాది కాదు, సంతకం నాది కాదు, డిష్ పని నాది అని రాసి సంజీవ సారుకిచ్చిన. అందినట్టు ముద్రేసి నకలియ్యమన్న. ఆయన రెండుసార్లు చదివి, కండ్లద్దాలు తీసి పక్కన పెట్టిండు.

"ఇది ఫైల్ల పడితె దినేశ్‌కు కష్టమైతది. ఇంట్ల కూసోని మాట్లాడుకోరాదా తల్లీ?"

"ఇంట్ల అందరు మాట్లాడుకునే రాసిన్రు సార్. నన్నొక్కదాన్నే అడగలే."