జోడీ అని ఇచ్చాడు

బోసి మెడలు.

లాహోర్ చలికాలపు ఎండలో, మిద్దె మీది పంజరంలో, రెండు నీలం చిలకలు. రెండు బోసి మెడలు.

నా భర్త ఇష్తియాక్ తెల్లవారి నమాజు కాగానే ఆ మెడలే చూసేవాడు. నా మొహం తర్వాత.

మగచిలక మెడకు కంటె వస్తుంది. ఆడదానికి రాదు. కానీ ఆ కంటె కనపడడానికి రెండేళ్లు... ఒక్కోసారి మూడేళ్లు. అంతవరకు ఏది ఆడో ఏది మగో అల్లాకే ఎరుక.

లేదా, ఈక పీకి పరీక్షకు పంపినవాడికి.

మామగారిని అందరం అబ్బాజీ అనేవాళ్లం. నలభై ఏళ్లు నీలం చిలకలతోనే బతికారు. పోయే ముందు ఒకటే కోరారు — తన నీలం వంశం ఇద్దరు కొడుకుల ఇళ్లలోనూ నిలవాలని.

పంచింది మా బావగారు మక్సూద్. ముసలి చిలకలు ఆయనకే. ఆ ఏడు రెండు గూళ్లలో నాలుగు పిల్లలు. రెండు ఉంచుకుని, రెండు బుట్టలో పెట్టి తెచ్చాడు.

"ఇదిగో ఛోటే, జోడీ! మూడో ఏటికి గుడ్లు పెట్టకపోతే నన్నడుగు."

ఈక పరీక్షకు పంపుదామన్నాను. ఇష్తియాక్ నన్ను నమిలి మింగేసేలా చూశాడు.

"సొంత అన్న మాటకి పరీక్షా? సిగ్గులేదూ నీకు?"

బుట్ట లోపలికి తీసుకెళ్లాను.

నెల రోజుల పిల్లలు. ఈకలింకా నిండలేదు. వంచిన చెంచాతో శనగపిండి జావ. వేడి ఎక్కువైతే లోపల కాలిపోతుందని ముందు నా మణికట్టు మీద చుక్క వేసుకునేదాన్ని.

తర్వాత ముక్కులు వాడిదేరాయి. కరిచేవి. నెత్తురొచ్చేది.

అబ్బాజీ మాట ఒకటుంది — కరిచినా చెయ్యి వెనక్కి తీయకు. తీశావా, అది ఇక నీకు మచ్చిక కాదు.

ఇష్తియాక్ తీయలేదు. ఒక్కసారి కూడా.

ఒకదానికి నవాబ్ అని, ఇంకోదానికి బేగం అని పేర్లు పెట్టాడు. బేగం అతని భుజం మీద కూర్చుని పచ్చిమిరపకాయ తినేది. నేను కుండకు కన్నం కొట్టించి, రంపపు పొట్టు నింపి గూడు కట్టాను.

ఒక చలికాలం. ఇంకో చలికాలం.

కుండ ఖాళీ.

మూడో ఏడు, ఈకలు రాలి కొత్తవి వచ్చాక, నవాబ్ మెడకు సన్నగా నల్ల గీత. ఇష్తియాక్ వీధి వీధంతా జిలేబీ పంచాడు.

పది రోజులకు బేగం మెడకూ అదే గీత.

జిలేబీ తిన్నవాళ్లు పిల్లలెప్పుడని అడుగుతూనే ఉన్నారు.

అన్నను అడగడానికి వెళ్లాడు. మక్సూద్ బావ చాయ్ కప్పులోంచి తలెత్తలేదు. పంచకముందే ఈకలు పరీక్షకు పంపాడట. ఆడవి రెండూ తన దగ్గరే ఉంచుకున్నాడట.

"ముందే అడిగుంటే చెప్పేవాణ్ణిగా!"

ఆ రోజు నా భర్త ఏడ్చాడు. చిలకల కోసం కాదు.

ఈ ఏడు చలి ముదిరింది. బావ ఇంట్లో ముసలి చిలకలు ఒక్కొక్కటే పోయాయి. చివరికి మిగిలిన మగదీ పోయింది. బజారులో నీలం మగచిలకలు బోలెడు. అవి అబ్బాజీవి కావు.

నిన్న బావ అట్టపెట్టె పట్టుకుని మా మిద్దె ఎక్కాడు. ఆయాసం. మోకాళ్ల మీద చేతులు.

"ఒకటివ్వు ఛోటే. పంజరంలో ఇద్దరు ఆడపిల్లలు ఖాళీగా కూర్చున్నారు. అబ్బాజీ వంశం ఆగిపోతుందిరా."

చెయ్యి చాచాడు. వేళ్ల నిండా పాత గాట్లు. అచ్చం అబ్బాజీ చెయ్యే.

ఇచ్చెయ్, అనుకున్నాను. ఇవ్వకు, అనుకున్నాను. రెండూ నిజంగానే అనుకున్నాను.

ఇష్తియాక్ నెమ్మదిగా అన్నాడు —

"ఇవి జోడీ కదా భాయీజాన్. మీరే ఇచ్చారు. మొగుడూ పెళ్లాల్ని విడదీసిన పాపం నాకెందుకు?"

గెలిచామనుకోవాలి. నా నోరంతా చేదు.

బావ మొహం పాలిపోయింది. కానీ చాచిన చెయ్యి వెనక్కి తీయలేదు. ఆయనా అబ్బాజీ కొడుకే.

ఇష్తియాక్ పంజరం తలుపు తీయలేదు.

వాళ్లిద్దరి మధ్య, చలికాలపు ఎండలో, రెండు నీలం మెడలు. రెండు నల్ల కంటెలు.

కుండ... ఖాళీగానే.