ఎర్ర గిటారు మీద బొట్టు

మా అమ్మాయి వినీల గిటారు నేర్చుకోవడం మధ్యలో మానేస్తుందేమోనని నా భయం. దాని జ్వరాలకీ పరీక్షలకీ కూడా నేనింత భయపడలేదు. ఇంటర్ మొదటి సంవత్సరం సగంలో నా చదువు ఆగిపోయింది. ఎవరూ నన్ను మానమనలేదు. పెళ్ళిచూపులని ఒక వారం కాలేజీకి వెళ్ళలేదు, ఆ తర్వాత వెళ్ళాలంటే సిగ్గేసింది, అంతే. మానడం ఎంత తేలికో తెలుసు కాబట్టి, ఆ పిల్ల చేతిలో ఏ పని ఆగినా నాకు గుండె దడ మొదలవుతుంది.

వినీలకి పన్నెండేళ్ళు. మేముండేది హనుమాన్ జంక్షన్‌లో. మా ఆయన లక్ష్మీకాంత్ చేపల వ్యాను తోలతారు, నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. గన్నవరంలో జ్ఞానేశ్వరి గారని ఒకావిడ ఆదివారాలు తన ఇంట్లోనే పిల్లలకి గిటారు నేర్పుతారు. కొన్నాళ్ళు వినీల ఆవిడ గిటారు మీదే నేర్చుకుంది. తర్వాత ఆవిడ నన్ను పిలిచి, ఇంటి దగ్గర రోజూ పట్టుకోకపోతే రాదండీ, సొంతది ఒకటి కొనండి, ఖరీదైనది అక్కర్లేదు, పిల్ల వేళ్ళకి సుఖంగా ఉండేది చూడండి అన్నారు. ఖరీదైనది అక్కర్లేదన్న దగ్గరే నా చెవులు ఆగిపోయాయి. వేళ్ళ మాట బుర్రకెక్కలేదు.

మా ఆయన ఫోన్లో బొమ్మలు చూపించి ఇందులో ఒకటి నొక్కెయ్యమన్నారు. చీరకైనా కొంగు పట్టి చూస్తాం, బొమ్మ చూసి గిటారు ఎలా కొంటామని నేను ఒప్పుకోలేదు. జాకెట్ల డబ్బు పర్సులో పెట్టుకుని, పిల్లని తీసుకుని విజయవాడ వన్‌టౌన్‌కి వెళ్ళాను.

అక్కడ కరిముల్లా గారి కొట్టు ఇరుకుగా ఉంది. కింద డోలక్‌లు, హార్మోనియం పెట్టెలు, పైన మెడ పట్టి వేలాడదీసిన గిటార్లు. కూర్చోకముందే, జాకెట్లు కుట్టి దాచింది ఇంతుందని చెప్పేశాను. ఆయన నవ్వి, బేరానికి రావడం ఇదే మొదటిసారా అమ్మా అని, రెండు గిటార్లు దించారు. ఒకటి ఎర్రది, కొత్తది, కవరు కూడా తీయలేదు. రెండోది గోధుమరంగుది, వాడినది, పొట్ట మీద పొడుగాటి గీత ఉంది. ధర ఇంచుమించు ఒకటే.

“పాపకైతే పాతదే తీసుకో అమ్మా,” అన్నారాయన. “దీని తీగలు చెక్కకి దగ్గరగా ఉన్నాయి, వేలు ఆనిస్తే పలుకుద్ది. ఈ ధరలో కొత్తదంటే తీగలు ఎత్తుగా ఉంటాయి. గట్టిగా నొక్కాలి. చిన్నవేళ్ళు కదా.”

వినీల అప్పటికే పాతదాన్ని ఒళ్ళో పెట్టుకుంది. తల ఎత్తలేదు. నాకు మాత్రం ఆ గీతే కనిపిస్తోంది. మా ఇంట్లో ఏది మొదలుపెట్టినా కొత్తదానితోనే మొదలుపెడతాం. పలకైనా, పొయ్యైనా. పైగా ఇది ఎవరో వదిలేసిన వస్తువు. ఇది ఇచ్చినవాళ్ళు నేర్చుకోవడం మానేశారా అని అడిగాను. లేదమ్మా, ఇంకా పెద్దది కొనుక్కున్నాడు అన్నారు. అమ్మేవాళ్ళు అలాగే చెబుతారనుకున్నాను.

ఎర్రది ఇమ్మన్నాను. నీకు నచ్చిందా అని వినీలని అడిగితే, “నీ ఇష్టం అమ్మా,” అంది. సంతోషం అనుకున్నాను.

ఇంటికి రాగానే మా అత్తగారు హైమవతి గారు దాన్ని గడప దాటనివ్వలేదు. బండి కొన్నప్పుడు ఏమేం చేశారో అవన్నీ చేశారు. పసుపు రాశారు, మూడు చోట్ల కుంకుమ బొట్లు పెట్టారు, హారతిచ్చారు, దారానికి నిమ్మకాయ గుచ్చి గిటారు మెడకి కట్టారు. మా ఆయన తలుపుకి ఆనుకుని చూస్తూ, “దీనికి చక్రాల్లేక బతికింది గానీ, మా అమ్మ నిమ్మకాయలు కూడా తొక్కించేది,” అన్నారు. వినీల కూడా నవ్వింది.

వారం తిరక్కుండానే దాని వేళ్ళ కొసలు ఎర్రగా కంది, వాటి మీద తీగల గాట్లు పడ్డాయి. నొప్పిగా ఉందా అంటే లేదనేది. మరి వాయించవేం అంటే వాయిస్తాలే అనేది. అది లోపలి గదిలో గిటారు తీసిన చప్పుడు వినగానే నేను కుట్టుమిషను ఆపి చెవి అటు పెట్టేదాన్ని. కాసేపటికి అక్కడ గిటారూ ఆగిపోయేది. తర్వాత ఎర్ర గిటారు బీరువా పక్కకి చేరింది, దాని మీద స్కూలు బ్యాగు కూడా చేరింది. బ్యాగు తీసి పక్కన పెట్టేదాన్ని. సాయంత్రానికి మళ్ళీ అక్కడే ఉండేది. నాకు కుట్టు మీద చూపు నిలిచేది కాదు. ఒక జాకెట్‌కి రెండు చేతులూ ఒకే వైపువి కుట్టేసి మళ్ళీ విప్పాను.

పాతదానితో మార్చుకొస్తానన్నాను. అత్తగారు ససేమిరా అన్నారు. “బొట్టు పెట్టినదాన్ని తిరిగిస్తారటే? ఆడపిల్ల చేతికిచ్చింది కూడానూ.”

ఆవిడ పక్కింటికి వెళ్ళినప్పుడు తడిగుడ్డతో బొట్లు తుడిచాను, దారం విప్పి నిమ్మకాయ దేవుడి గూట్లో పెట్టాను, బస్సెక్కాను.

కరిముల్లా గారు గిటారు అటూ ఇటూ తిప్పి చూశారు. పాతది అమ్ముడైపోయిందట. తీగలు కట్టిన చోట సందులో గోరు పెట్టి గీస్తే కొంచెం కుంకుమ వచ్చింది. ఆయన దాన్ని నా వైపు చూపించారు. నేను తల దించుకున్నాను.

“పాతది ఉన్నా దీన్ని వెనక్కి తీసుకునేవాణ్ణి కాదు తల్లీ. పూజ చేసింది మీ ఇంటిదే. మా ఇంటావిడ ఫాతిహా చదివించిన స్కూటరు ఇంకా నా దగ్గరే ఉంది. స్టార్టవదు. అయినా ఉంది.”

తర్వాత ఆయన తీగలు వదులు చేసి, అవి కింద ఆనుకునే తెల్లటి పట్టీని బయటికి లాగి, సాండ్ పేపరు మీద రుద్దారు. పెట్టి చూశారు, మళ్ళీ తీసి రుద్దారు. సన్నటి తీగలు వేశారు. నొప్పి పూర్తిగా పోదు, కొన్నాళ్ళకి వేళ్ళే గట్టిపడతాయి, నీది సూది పట్టే వేలు కదా, నీకు తెలియదా అన్నారు. తీగల ఖరీదు మాత్రం తీసుకున్నారు. ఇంటికొచ్చి నిమ్మకాయని మళ్ళీ కట్టేశాను. అత్తగారు గమనించారో లేదో, ఏమీ అనలేదు.

ఆ ఆదివారం క్లాసులో నేను ఎప్పటిలాగే జ్ఞానేశ్వరి గారి గుమ్మంలో కూర్చున్నాను. తీగలు ఇప్పుడు తేలిగ్గా పలుకుతున్నాయి. అయినా వినీల చెయ్యి మధ్యలో ఆగుతోంది. ఆగినప్పుడల్లా నా వైపు చూస్తోంది. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను.

తిరిగొచ్చే బస్సులో అది కిటికీ వైపు మొహం పెట్టి, “వచ్చేవారం నుంచి నువ్వు రావద్దమ్మా,” అంది.

ఎర్రది కొన్నందుకు కోపమా అని అడిగాను.

“కాదు. వేళ్ళు నొప్పెట్టినా వాయిస్తాను. నువ్వు అట్టా చూస్తేనే నాకు ఆగిపోతంది. నేనింకా మానకముందే మానేసినట్టు చూస్తావు నువ్వు.”

ఇంట్లో నేను మిషను ఆపిన ప్రతిసారీ లోపల గిటారు ఎందుకు ఆగేదో అప్పుడు తెలిసింది.

ఈ ఉదయం దాన్ని ఒక్కదాన్నే బస్సెక్కించాను. గన్నవరంలో దించమని కండక్టరుకి చెప్పాను. అది కిటికీలోంచి చెయ్యి చాపి నాతో ఒట్టు వేయించుకుంది. నేను వెనకాల రాను, టీచరు గారికి ఫోన్ చేయను, వాళ్ళ నాన్నని పంపను. టీచరు గారింటికి చేరగానే, చేరానమ్మా అని ఆవిడ ఫోన్లోంచి చెప్పి పెట్టేసింది. అప్పటి నుంచి మిషను ముందు కూర్చున్నాను. ఒక్క కుట్టు పడలేదు.

ఇది చదివే మిమ్మల్ని పంపనని మాత్రం నేను ఒట్టు వేయలేదు. మీలో ఎవరైనా గన్నవరంలో ఉంటే, ఆదివారం పూట జ్ఞానేశ్వరి గారి నీలం గేటు ఇంటి ముందు నుంచి ఒక్కసారి నడవండి. లోపలికి వెళ్ళకండి, ఆగి చూడకండి. ఎండిపోయిన నిమ్మకాయ కట్టిన ఎర్ర గిటారు మా పిల్లది. అది సంచిలోంచి తీసిందో లేదో వినొచ్చి నాకు చెప్పండి. నేను అడిగానని మాత్రం దానికి తెలియనివ్వకండి.