పదకొండుమంది వచ్చిన రోజు

మీటింగులో పిల్లల సంక్షేమ ఆఫీసు తరఫున ఓర్లా చదువుతున్న వాక్యాల్ని రత్నకుమారి వెంటనే పోల్చుకుంది. అవి తను రాసినవే.

"ఆగస్టు మూడు. పాపను చూడ్డానికి పదకొండుమంది బంధువులు వచ్చారు. అందరూ గట్టిగా మాట్లాడారు. వాళ్ళు వెళ్ళాక పాప గంటసేపు ఏడ్చింది."

ఆ పాప విన్నీ, ఇప్పుడు ఆరేళ్ళు. తల్లి జబ్బుపడితే, రెండేళ్ళ కిందట ఓర్లా పనిచేసే ఆఫీసువాళ్ళు పిల్లని అమలాపురం నుంచి వచ్చి స్లైగోలో స్థిరపడిన రత్నకుమారి ఇంటికి పెంపకానికి ఇచ్చారు. రోజూ పిల్ల సంగతులు పుస్తకంలో రాయాలని చెప్పారు. విన్నీ వాళ్ళు ట్రావెలర్లు. తరతరాలుగా ఈ నేల మీదే గుర్రబ్బళ్ళతో తిరిగినవాళ్ళు, ఇప్పుడు ఊరి చివర కారవాన్లలో, అంటే చక్రాల ఇళ్ళలో ఉంటున్నారు. పిల్లని అమ్మమ్మ మ్యాగీకి ఇవ్వాలా, పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా ఇక్కడే ఉంచాలా అన్నది ఇవాళ తేలాలి.

ఇక్కడే ఉంచాలన్నది రత్నకుమారి ప్రార్థన.

"గుంపుగా వచ్చి గొడవ చేశారన్నమాట," అన్నాడు మీటింగు నడిపే పెద్దాయన. "అలాంటి చోటికి పంపడం క్షేమం కాదు."

"పుట్టినరోజుకి కేకు తెచ్చాం," అంది మ్యాగీ. "మాలో సగంమంది చెవిటివాళ్ళు. గుసగుసలాడమంటారా?"

రత్నకుమారి కూతురు ఆశ్రిత తల్లి చెవిలో అంది: "అమ్మా, నువ్వేం మాట్లాడకే. మనకి మంచిదే కదా."

మంచిదే. నోరు మూసుకుంటే చాలు. కానీ ఆమె రాసింది ఫిర్యాదు కాదు. తనకి కాన్పయినప్పుడు అమలాపురం ఆస్పత్రికి జనం బస్సు దిగినట్టు దిగారు. ఈ పిల్లకీ అంతమంది ఉన్నారే అని మురిసిపోయి రాసింది. విన్నీ ఏడ్చింది భయంతో కాదు, వాళ్ళు వెళ్ళిపోతున్నారని. అది మాత్రం రాయడానికి చెయ్యి రాలేదు.

ఆమెకి ఇంకోటి గుర్తొచ్చింది. తనలా పిల్లల్ని పెంచే ఇళ్ళవాళ్ళు నెలకోసారి కలుస్తారు. అక్కడి తొమ్మిదిమంది పిల్లల్లో ఆరుగురు కారవాన్ల పిల్లలే. బడిలో చూస్తే తరగతికొకరు కూడా ఉండరు. మరి ఇళ్ళనుంచి తెచ్చేది ఎక్కువగా వాళ్ళనే ఎందుకు?

"తల్లి చూసుకోలేనప్పుడు పిల్ల అమ్మమ్మ దగ్గరుంటే తప్పేంటండీ?" అంది రత్నకుమారి. "ఈ ఆశ్రితని నాలుగేళ్ళప్పుడు మా అమ్మ దగ్గర వదిలేసి కువైట్ పోయాను. ఆరేళ్ళు. అమ్మ ఇంట్లో ఒకే గదిలో తొమ్మిదిమంది ఉండేవాళ్ళు. మా మీద ఎవరూ ఫైలు రాయలేదు."

ఆశ్రిత తల దించుకుంది. ఆగస్టు మూడున ఏం జరిగిందో రత్నకుమారి మొత్తం చెప్పింది.

ఓర్లా పెన్ను ఆపింది. "ఇది రాస్తే విన్నీ మీ దగ్గర ఉండకపోవచ్చు. తెలుసుగా?"

"రాయండి."

ఆఫీసువాళ్ళు వెళ్ళి మ్యాగీ ఉండే కారవాన్ చూసి వచ్చాక, మూడు వారాల్లో నిర్ణయం చెబుతామన్నారు.

బయటికొచ్చాక మ్యాగీ తన చెయ్యి పట్టుకుంటుందనుకుంది రత్నకుమారి. మ్యాగీ పట్టుకోలేదు.

"ఈ మాట అప్పుడే రాసుంటే పోయిన క్రిస్మస్‌కే నా పిల్ల నా ఇంట్లో ఉండేది," అని కారెక్కింది.

రత్నకుమారి ఆ మాట మోసుకుంటూ విన్నీని తీసుకురావడానికి బడికెళ్ళింది. పిల్లకి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

"గ్రానీ ఏమంది?" అని అడిగింది విన్నీ.

"అమ్మమ్మ నిన్ను ఇంటికి తీసుకెళ్తానంటోంది."

విన్నీ గంతేసింది. "నువ్వూ రావాలి. నీ మంచం నా పక్కనే వేద్దాం."

రత్నకుమారి పిల్ల కోటు గుండీలు పెట్టడం మొదలుపెట్టింది. పైది పెట్టి, కిందిది పెట్టి, మళ్ళీ పైది విప్పింది.