పేరు పెట్టి పిలిస్తేనే

నేను ఒక సన్నాయిని. చీరాల దగ్గర ఒక వడ్రంగి నల్లటి చేవకర్రను నీడన ఆరబెట్టి, నడుమ తొలిచి, ఏడు బెజ్జాలు పెట్టి నన్ను గురవయ్య చేతికిచ్చాడు. పెళ్లిళ్లలో మేళం వాయించడం గురవయ్య కులవృత్తి.

ఆయన చేతికొచ్చిన ఏడాదికే ఒక వింత గమనించాను. ఊళ్లో అందరూ ఆయన్ని నా పేరుతోనే పిలిచేవారు. "ఏయ్ సన్నాయీ" అంటే చాలు, కండువా సర్దుకుని లేచేవాడు. ఎవరైనా గురవయ్యా అంటే మాత్రం ఇంకెవరినో అనుకుని వెనక్కి చూసేవాడు. నా మోత లేనిదే తాళి కట్టరు. నన్ను ఊదినవాడికి మాత్రం అందరూ లేచాక కొట్టం పక్కన విస్తరి వేసేవారు. మన స్థాయి అంతేనమ్మా అని కూతురు తిరుపతమ్మకు ఆయనే నచ్చజెప్పేవాడు. యాభై ఏళ్లుగా ఊరు అన్న మాట ఆయనకు సొంత మాటైపోయింది.

తిరుపతమ్మ ఆ మాట వినే రకం కాదు. ఆడపిల్ల ఊదితే పెళ్లికెవరు పిలుస్తారని తండ్రి వారించినా, పట్టుబట్టి ఆయన దగ్గరే నేర్చుకుంది.

ఒక వేసవిలో మోతుబరి రాఘవరావు గారింట పెళ్లి. గురవయ్యకు ఆయాసం ఎక్కువైంది. ఆయన శ్రుతిపెట్టె పట్టుకుంటే, తిరుపతమ్మ నన్ను అందుకుంది. ముహూర్తం దగ్గరపడింది. పెళ్లికూతురి తండ్రి రాఘవరావు చెయ్యెత్తి, "ఏయ్ సన్నాయీ, కానీ" అన్నాడు.

ఆమె నన్ను పెదవుల మీంచి దించింది.

"మా నాన్న పేరు గురవయ్యండి. పేరు పెట్టి పిలవండి, ఊదుతాను."

వద్దమ్మా, రేపట్నించి మనకు పిలుపులుండవు అని గురవయ్య కూతురి కొంగు లాగాడు. ఆమె వేళ్ల చెమట నా బెజ్జాల్లోకి దిగింది. అయినా నన్ను పైకెత్తలేదు. పురోహితుడు గడియారం చూసుకుంటున్నాడు. రాఘవరావు మొహం ఎర్రబడింది. అప్పుడు పెళ్లికూతురు వంచిన తల వంచినట్టే ఉంచి అంది:

"గురవయ్య గారూ, మీ అమ్మాయికి మీరు చెప్పండి, ఊదమని."

గురవయ్య ఈసారి వెనక్కి చూడలేదు. నడుం నిటారుగా పెట్టి, "ఊదమ్మా" అన్నాడు. అంత నిండైన ఊపిరి నాలోకి అంతకుముందు ఎన్నడూ రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన కూతురి వైపు తిరిగాడు. "మీ తాత పేరు చెంచయ్య. ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు" అన్నాడు. తిరుపతమ్మ ఆ పేరు వినడం అదే మొదటిసారి.

ఆయన భయపడ్డట్టే అయింది. ఆ వేసవి ఏడు ఇళ్లవాళ్లు వేరే మేళం పెట్టుకున్నారు. తిరుపతమ్మ పొగాకు పనికి వెళ్లింది. ఒక్క తెల్లవారుజామున కూడా సాధన మానలేదు. మూడో ఏడు పొరుగూరి పెళ్లిపత్రికలో తండ్రీకూతుళ్ల పేర్లు అచ్చయ్యాయి. గురవయ్య దాన్ని చదివించుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఆయన లేడు. నా ఒళ్లు నిలువునా చీలింది, ఊపిరి నిలవదు. గుడ్డసంచిలో మేకుకు వేలాడుతున్నాను. కింద వసారాలో నలుగురు ఆడపిల్లలు నేర్చుకుంటున్నారు. వాళ్లలో ఇద్దరివి మేళం ఇళ్లు కావు. మనకెందుకీ పని అని వాళ్ల ఇళ్లలో పెద్ద గొడవే అయిందట. అయినా వచ్చారు. ఒకమ్మాయి బుగ్గలు పూరించి ఊదితే గాలి తప్ప ఏమీ రాలేదు.

"మళ్లీ" అంది తిరుపతమ్మ.

ఆ పిల్ల పెదవులు తుడుచుకుని, మళ్లీ ఊపిరి తీసుకుంది.