పచ్చగాజుల చెట్టు

కాలువ నీళ్లు తూము దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తాయి.

అంతదాకా గలగలమంటూ వచ్చిన నీళ్లే. ఇనుప చువ్వల ముందు ఒక్కసారి ఆగుతాయి... ఏదో గుర్తొచ్చినట్టు. తర్వాత చప్పుడు లేకుండా లోపలికి జారిపోతాయి. సుమిత్రకు ఇది ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు.

ఆమె తండ్రి బాలనర్సయ్య — ఆమెకు బాపు — ఈ తూముకు లష్కర్. వర్ని ఊరి దిక్కు పొలాలకు నీళ్లు వదిలేదీ ఆయనే, కట్టేసేదీ ఆయనే. చువ్వలకు అడ్డంపడ్డ చెత్త తీసేదీ ఆయనే. కొమ్మలు, గడ్డి, తెగిన చెప్పులు...

అప్పుడప్పుడు మనుషులు.

ఎగువ నుంచి కొట్టుకొచ్చేవాళ్లు. పోలీసులు వచ్చి తీసుకుపోయేవాళ్లు. కొందరి కోసం అయినవాళ్లెవరూ వచ్చేవాళ్లు కాదు. అలా ఎవరూ రాని ప్రతి మనిషికీ బాపు కట్ట మీద ఒక కానుగ మొక్క నాటాడు. పేర్లు తెలియవు. కంటికి ఏది కనిపిస్తే అదే పేరు. ఎర్ర కండువా చెట్టు. గళ్ల లుంగీ చెట్టు. పచ్చగాజుల చెట్టు.

పదకొండు చెట్లు — ఎక్కడ చోటుంటే అక్కడ, వరసా పాడూ లేకుండా.

ఈ సంగతి ఒక్క సుమిత్రకే చెప్పాడు. ఊళ్లో అనొద్దన్నాడు. అప్పటికే ఊరు దీన్ని పీనుగుల తూము అనేది. ఆడవాళ్లు ఇటు తొంగి చూసేవారు కాదు. బాపు పోయి ఆరేళ్లు. ఆయనతో పాటే ఆ పేరూ మెల్లగా మరుగున పడింది.

మరుగున పడింది కాబట్టే ఈ ఆదివారాలు.

పొద్దున్నే ఇరవై మంది కట్ట మీదికి వస్తారు, నడకదారి వేయడానికి. పారలు, గడ్డపారలు, గంపలు. సర్కారు తుమ్మ నరికారు. సీసా పెంకులు ఏరారు. గన్నేరు నాటారు, నందివర్ధనం నాటారు, రెండు సిమెంటు బల్లలు వేశారు. ముందుండి నడిపేది సాయిప్రసాద్ — కాలువ కింద పొలమున్న రైతు, తాతల నాడు కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. కానీ కాళ్లరిగేలా ఇల్లిల్లూ తిరిగి అందరినీ ఒప్పించింది సుమిత్రే. రోడ్డు మీద వడ్ల లారీలను ఒరుసుకుంటూ నడవాలి ఈ ఊరి ఆడవాళ్లు. కిందటేడు పక్కింటామె వెంట్రుకవాసిలో తప్పించుకుంది. భయం లేకుండా నడిచే దారి ఒకటి కావాలి. అంతే ఆమె అడిగింది.

ఆ ఆదివారం సాయిప్రసాద్ తాడు పట్టి సున్నం గీత గీశాడు.

గీతలో ఒక చెట్టు పడింది.

పచ్చగాజుల చెట్టు.

"ఇదొక్కటి తీసేస్తే దారి తిన్నగా వస్తుంది. ఎవరికైనా అభ్యంతరమా?" అని అందరి మొహాలూ చూశాడు.

"నీడనిస్తది గద... ఉండనియ్యిండ్రి" అంది సుమిత్ర.

"ఇంకా పదున్నాయిగా అక్కా! ఎంత నీడ కావాలి నీకు?"

అందరూ నవ్వారు. అంతకంటే గట్టిగా ఆపాలంటే నిజం చెప్పాలి. చెబితే చెట్టు ఉంటుంది. చెబితే పీనుగుల తూమూ తిరిగొస్తుంది. రేపటి నుంచి ఒక్క ఆడమనిషీ ఇటు రాదు.

సుమిత్ర కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు సిగ్గేస్తుంది.

గొడ్డలి పడింది.

నరికిన కొమ్మలు ఈడ్చి, ఆకులు ఊడ్చింది తారాబాయి. ఎగువన నాలుగూళ్ల అవతలి మనిషి, అరవై దాటాయి. మూడు నెలలుగా ప్రతి ఆదివారం ఆటో ఎక్కి వస్తోంది. చెట్లంటే ప్రాణం కాబోలని అందరూ అనుకున్నారు. పనయ్యాక తక్కినవాళ్లు చాయ్ తాగుతుంటే ఆమె కొట్టేసిన మొద్దు మీద కూర్చుని సుమిత్రను పిలిచింది.

"లష్కర్ బిడ్డవట గద నువ్వు. అడుగుదమంటే మూడు నెలల సంది నోరొస్తలేదు... గీ తూముకాడ ఆడమనిషి దొరికిందా బిడ్డా? పద్నాలుగేండ్లయింది. మా చెల్లె. రెండు చేతులకు పచ్చగాజులుండె. ఎడమ చేతికి రాగి కడెం."

రాగి కడెం.

బాపు చెప్పాడు. అన్ని నీళ్లలో కొట్టుకొచ్చినా ఒక్క గాజూ పగల్లేదని కూడా చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు.

"దొరికింది అవ్వా" అంది సుమిత్ర. "గాజులు ఒక్కటి సుత పగల్లే."

తారాబాయి కొంగు నోట్లో కుక్కుకుంది. కొంగు తీసి, "నేనే తొడిగిచ్చిన" అంది.

"బాపు ఆమె పేర చెట్టు పెట్టిండు."

అనకూడదు. అనేసింది.

"ఏది బిడ్డా?"

ఆమె కూర్చున్న మొద్దు ఇంకా తడిగా ఉంది. పచ్చి పసరు చీరకు అంటుకుంటోంది.

సుమిత్ర చెయ్యెత్తింది... పక్క చెట్టును చూపించింది.

ఎర్ర కండువా చెట్టును.

ఇప్పుడు దారి తిన్నగా ఉంది. మొద్దు పెకిలించి మొరం పోశారు. సాయంత్రమైతే ఆడవాళ్లు నడుస్తారు, గట్టిగా మాట్లాడుకుంటారు, నవ్వుకుంటారు. సుమిత్ర కోరుకున్నది అచ్చంగా ఇదే.

ఆదివారం తారాబాయి వస్తుంది. ఎవరో ఎరగని మగమనిషి చెట్టును కావలించుకుంటుంది. కొమ్మకు దారం కట్టి డజను పచ్చగాజులు వేలాడదీసింది. చెల్లెతో ఊరి సంగతులన్నీ చెబుతుంది. చెప్పకుండా పోయినందుకు తిడుతుంది కూడా. పద్నాలుగేళ్లుగా నిద్రలేని ఆ మొహం తేటపడింది. ఆ మొహం చూస్తూ నిజం ఎలా చెప్పాలి?

వచ్చే ఆదివారం చెబుదామనుకుంటుంది సుమిత్ర.

వచ్చే ఆదివారం...

పొద్దున్నే ఎవరూ రాకముందు బిందెడు నీళ్లు తెచ్చి దారి మధ్యలో పోస్తుంది. మొరం కింద వేరు కూడా లేదని ఆమెకు తెలుసు. అయినా పోస్తుంది.

"దారికి నీళ్లెందుకక్కా?" అని ఒకరోజు సాయిప్రసాద్ అడిగాడు.

"దుమ్ము లేస్తున్నది" అంది.

కొమ్మ మీద గాజులు గలగలమన్నాయి.

తూము దగ్గర నీళ్లు గొంతు తగ్గించాయి... ఏదో గుర్తొచ్చినట్టు.