పంక్తి తప్పిన సాయం

నేను ఒక ట్రిగ్గర్‌ని. తుపాకీలో ఉండేదాన్ని కాదు, కంగారుపడకండి. దాన్ని ఎవరో ఒకరు నొక్కితే పేలుతుంది. నన్నెవరూ నొక్కరు. కంప్యూటర్లో రాసిపెట్టిన ఆజ్ఞని, ఫలానా మాట తెర మీద కనబడగానే నా అంతట నేనే పేలతాను. మనిషి చెయ్యాల్సిన పని చేసిపెట్టి, పేరు మాత్రం మనిషికి వదిలేస్తాను. ఒకప్పుడు దీన్ని సేవ అనుకునేదాన్ని. ఇప్పుడు తలెత్తుకోలేకపోతున్నాను. తల లేదు కాబట్టి బతికిపోయాను.

నన్ను పుట్టించినవాడు శేషఫణి. నరసరావుపేటలో జిరాక్స్ షాపు. ఏ పనైనా సగం చేసి సగం శేషం పెడతాడు గనక, భార్య హైమవతి అతని పేరు తిరగేసి ‘పనిశేషం’ అని పిలుస్తుంది. ఒకవైపు యంత్రం కాగితాలు కక్కుతుంటే, రెండోవైపు కంప్యూటర్లో ‘అక్షరకోట’ ఆడతాడు. ఆ ఆటలో బొమ్మలుండవు. కోట అని రాసుంటే కోట, పులి అని రాసుంటే పులి. ఎక్కడెక్కడి మనుషులో ఒకేసారి చేరి, టైపు చేస్తూ నడుస్తారు, టైపు చేస్తూ నరుక్కుంటారు.

ఆ కోటలో ఒక ఆచారం ఉంది. కోటపెద్దగా ఎన్నికైనవాడు, ఎవరు ఎక్కణ్ణుంచి ‘సాయం!’ అని కేకవేసినా, ‘కాపాడు’ అని టైపు చేసి, పక్కనే వాళ్ళ పేరు కొట్టాలి. కొడితే క్షణంలో అక్కడ వాలి, వాళ్ళ మీద పడే దెబ్బలు తను తింటాడు. పెద్దరికం మీద శేషఫణికి మోజు. దెబ్బల మీద మోజు లేకపోయినా, అవి అక్షరాలే కదా అని సర్దుకున్నాడు. కానీ ఆధార్ జిరాక్సుల మధ్యలో ఆర్తనాదాలు వినే తీరికేదీ? అందుకని నన్ను రాశాడు.

మొదట్లో నన్ను మరీ అమాయకంగా రాశాడు. తెర మీద ‘సాయం’ కనబడితే చాలు, దూకు అన్నాడు. దూకాను. ఎవరో పాపం ‘సాయంకాలం సంతలో కలుద్దాం’ అనుకుంటే, మా కోటపెద్ద కత్తి దూసి వాళ్ళ మధ్యలో ప్రత్యక్షమయ్యాడు. కోటంతా పగలబడి నవ్వింది. దాంతో నాకు కట్టుదిట్టమైన నియమం పెట్టాడు: కేకవేసినవాడి పేరు, కేక, సాయం అన్న మాట, మూడూ ఒకే పంక్తిలో ఉంటేనే కదలాలి. పెళ్ళిలోనైనా అంతే కదా, పంక్తిలో కూర్చున్నవాడికే వడ్డన.

అప్పట్నుంచి నాకు తిరుగులేదు. పిలుపు పూర్తవకముందే పలికేదాన్ని. ‘పెద్దంటే ఈయనే, రెప్ప వెయ్యడు’ అని కోటలో పేరొచ్చింది. ఆ పేరు వినడానికి శేషఫణి అప్పుడప్పుడూ రెప్ప తెరిచేవాడు.

ఆ పేరు నమ్మినవాడు డిల్లేశ్వరరావు. పలాసలో బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. ఎడంచేతి చూపుడువేలొక్కదానితో టైపు చేస్తాడు. ఆటలో మాత్రం ఆయన పేరు శ్రీముఖలింగపురవీరభద్రుడు. బస్సుకి బోర్డు ఉన్నట్టు ఉండాలని తనే పెట్టుకున్నాడు. ఆ ఒంటివేలితోనే ఏళ్ళ తరబడి ఆ వీరుణ్ణి పెంచాడు. ఒక్కటే కోరిక మిగిలింది. పాతాళగంగ మెట్లబావి అడుగున రాతిగంట ఉంది. దాన్ని మోగించినవాడి పేరు కోటగుమ్మం మీద చెక్కుతారు. అయితే ఆ అడుగున చచ్చినవాడికి మళ్ళీ పుట్టుక లేదు. వాడి పేరు ఆటలోంచే చెరిగిపోతుంది.

“దిగీమంటారా బాబూ?” అని అడిగాడు పెద్దాయన. “ఒంటిసెయ్యోణ్ణి. కత్తి తిప్పలేను. కేకొక్కటే ఎయ్యగలను.”

“దిగండి బాబాయ్, నేనున్నాగా!” అన్నాడు శేషఫణి. ఉన్నది నేను.

ఆయన దిగాడు. శేషఫణి తెర ఎదురుగా కూర్చుని, అరటాకు ముక్కలో మిరపకాయ బజ్జీలు పెట్టుకుని చూస్తున్నాడు. బావి అడుగున గండభేరుండం లేచింది. పెద్దాయన కేకవేశాడు. ఆటకొక పాడు అలవాటుంది. పంక్తి మరీ పొడవైతే నడుం విరిచి, మిగిలిన ముక్కని కింద పంక్తిలోకి తోసేస్తుంది. అంతకుముందు ఆయన సంతలోంచో గుహలోంచో పిలిచేవాడు. అంత పొడుగు పేరూ సరిపోయేది. ఈసారి ఊరంత పేరుకి బావంత చిరునామా తోడైంది.

మొదటి పంక్తి వచ్చింది: ‘శ్రీముఖలింగపురవీరభద్రుడు పాతాళగంగ మెట్లబావి అడుగునుంచి కేకవేస్తున్నాడు:’

ఏమని? నేను ఆగాను. రెండో పంక్తి వచ్చింది: ‘సాయం!’

ఎవరికి? నేను ఆగాను. పైదానికి సాయం లేదు, కిందదానికి మనిషి లేడు. రెండూ కలిపి చదివే బుద్ధి నాకు పెట్టలేదు. శేషఫణికి ఆ బుద్ధి ఉంది. కళ్ళముందే ఉంది. చదివాడు కూడా.

“ఏవండీ, ఎవరో సాయం సాయం అంటుంటే పలకరేంది?” అంది పక్కన స్పైరల్ బైండింగ్ చేస్తున్న హైమవతి.

“చేతులు నూనె. వాడు చూసుకుంటాళ్ళే.”

“వాడెవడు?”

శేషఫణి ఇంకో బజ్జీ నోట్లో పెట్టుకున్నాడు. మళ్ళీ రెండు పంక్తుల్లో అదే కేక. మళ్ళీ అదే నేను. శేషఫణి నావైపు చూశాడు, నేను నియమం వైపు చూశాను. నూనె చేతిని ప్యాంటుకి తుడుచుకుని కీబోర్డు అందుకునేలోపు ఆట చెప్పాల్సింది చెప్పేసింది: ‘శ్రీముఖలింగపురవీరభద్రుడు ఇక లేడు.’ ఆ వార్తకి మాత్రం ఒక్క పంక్తి సరిపోయింది.

‘పెద్ద ఏమయ్యాడు?’ అని కోటలో గోల. శేషఫణి టైపు చేశాడు: ‘కరెంటు పోయింది.’ హైమవతి తెర చూసింది, తలెత్తి గిరగిరా తిరుగుతున్న ఫ్యానుని చూసింది, మళ్ళీ బైండింగ్‌లో పడింది. ఆకులో మిగిలిన బజ్జీలని ఆ పూట ఎవరూ ముట్టుకోలేదు.

కొన్నాళ్ళకి కోటగుమ్మం దగ్గర వెదురుకర్ర పట్టుకుని కొత్తవాడొకడు నిలబడ్డాడు. పేరు డిల్లి. అంతే.

“నానే బాబూ. పెద్ద పేరు మోయనేకపోనాను, సిన్నది ఎట్టుకున్నాను. మీరేటీ మనసులో ఎట్టుకోకండి. కరెంటుకి మీరేటి సేస్తారు?”

తిట్టుంటే ఇద్దరం హాయిగా ఉండేవాళ్ళం. శేషఫణి ఆట వాడకం చెప్పే పుటలు తిరగేశాడు. ‘వెడల్పు సున్నా’ అని కొడితే ఆట పంక్తులు విరవదట. ఒక్క ఆజ్ఞతో నేను బాగుపడిపోతాను! ఆ రెండు మాటలూ టైపు చేశాడు. చూస్తూ కూర్చున్నాడు. అక్షరం తర్వాత అక్షరం చెరిపేశాడు. చెరిపి, నా పేరు పక్కనున్న టిక్కు తీసేశాడు. ఇప్పుడు నాకన్నీ కనబడతాయి. కదలలేను.

ఒక మధ్యాహ్నం షాపులో పరీక్ష ఫీజు రసీదుల జిరాక్సులకి జనం కిటకిటలాడుతుంటే కేక వచ్చింది: ‘డిల్లి గుహలోంచి కేకవేస్తున్నాడు: సాయం!’

ఒకే పంక్తి! పేరు, కేక, మాట, మూడూ చక్కగా సరిపోయాయి. నా కోసమే కొలిచి కుట్టినట్టుంది. నేను కట్టేసి ఉన్నాను. శేషఫణి చేతిలో కాగితాలు వదిలేసి కీబోర్డు మీద పడ్డాడు. ‘కాపాడి’ అని కొట్టాడు. తప్పు. ‘కాపాడు దిల్లి’ అన్నాడు. అలాంటివాడు లేడంది ఆట. మూడోసారికి కుదిరింది. వెళ్ళేసరికి ఎలుగుబంటి దెబ్బలకి ముసలాయన ప్రాణం వెంట్రుక మీద ఉంది, కానీ ఉంది.

ఎలుగుబంటి పడ్డాక ఒంటివేలు తీరిగ్గా అడిగింది. “ఎప్పుడూ ఠక్కున వొచ్చీసేవోరు. ఇయ్యేల ఇంత లేటయిపోనాదేటి బాబూ?”

“ఇవాళ నేనే వచ్చాను బాబాయ్.”

ఒక్కొక్క అక్షరమే వెతుక్కున్నట్టు వచ్చింది: “మరి ఇన్నాళ్ళూ వొచ్చినోడెవుడు?”

నా పుట్టుకలో నా గురించి ఒకరు అడిగిన ప్రశ్న అదొక్కటే. దానికి పలకడానికి నా దగ్గర నియమం లేదు. కౌంటర్ దగ్గర జనం ‘సార్, సార్’ అంటున్నారు. హైమవతి వాళ్ళని ఆగమని చెయ్యి చూపించింది. శేషఫణి ఒక వేలితోనే కొట్టాడు.

“ఎవరూ రాలేదు బాబాయ్. ఆ రోజు కరెంటూ పోలేదు.”